గొర్ల కాటమయ్య ఇజ్జత్

పెనిమిటి పేరు నోటితోని చెప్పొద్దంటరు. నేను చెప్త. కాటమయ్య. మనిషే పోయినంక పేరు దాసిపెట్టుకోని ఏం జేస్త?

పోయిన వానకాలంల ఆయన దినాలు చేసినం. జనగామ దగ్గర మా ఊరు. ఊరంత వచ్చింది. అన్నాలు తినుకుంట మా పెద్దబావ అందరు ఇనేటట్టు, "మా తమ్మునికి గొర్ల తర్వాతనే పెండ్లం, బిడ్డ" అన్నడు. అందరు నవ్విండ్రు. నా బిడ్డ అమూల్య గూడ తలకాయ ఊపింది. వాళ్లను ఏమనాలె? పెండ్లయిన కాడికెల్లి గా మాట అన్నదాన్ని నేనే గద.

ఆయనకు ఇంట్ల ఊపిరాడకుండె. పెండ్లయిన కొత్తల్నే గొంగడి భుజానేసుకోని కొట్టం దిక్కు పోయి గొర్ల నడుమ పండుకున్నడు. నక్కలు తిరుగుతున్నయట. గా దినమే అనుకున్న, నాకు ఒక్క సవతి గాదు, మందకు మంద సవతులే అని.

మా దిక్కు ఎండకాలం గడ్డిపోస దొరకది. శివరాత్రి పోంగనే ఆయన మందను తోలుకోని కురవి మీదికెల్లి గంగారం అడవులకు పోతుండె. వానలు పడ్డంకనే ఇంటి మొకం. పొద్దంత మేపుడు, పొద్దుగూకితే ఎవరిదన్న చెల్కల మంద పెట్టుడు. పెంటికలు రాలితే భూమికి బలమని రైతులు పిలిచి పెట్టిచ్చుకుంటరు, వడ్లిస్తరు. గా వడ్లే మేం తిన్నం. గా గొర్లే అమూల్యను సదివిచ్చినయి. ఇయ్యాల అది చెల్పూర్ల పంతులమ్మ.

వచ్చేటప్పుడు గొంగడి మూలకు మొర్రిపండ్లు మూటగట్టుకోని వస్తుండె. పిల్లను ఒళ్ళె కూసోబెట్టుకోని ఏ వాగుల నీళ్లు తియ్యగున్నయో, ఏ గుట్ట మీద నెమళ్లు ఆడినయో చెప్తుండె. అడివి గాలి తింటే సగం కడుపు నిండుతదే అనేటోడు. మిగిలిన సగం ఎవరు నింపుతరని నేను గయ్యిమంటుంటి.

మందను ఇడిసిపెట్టినోడు కాపరే గాదని ఆయన పట్టు. మా అత్త పోయిందని కబురొచ్చినా, మందను ఇంకొకనికి అప్పజెప్పినంకనే కదిలిండు. వచ్చేవరకు పాడె లేసింది. గా దినం నేను తిట్టిన తిట్లు ఊరంత ఇన్నది. ఆయన తలకాయ వంచుకోని ఇన్నడు.

అమూల్యకు ఆరేండ్లప్పుడు, బడి తాతీళ్లల, బాపు కాడికి పోదామని నా పానం తిన్నది. ఇద్దరం బస్సెక్కి గంగారం పోయినం. గప్పుడు మంద వాల్యా అనే లంబాడాయన చెల్కల ఉండె. మా ఆయనతోని కాసే జోడుగాడు పెండ్లికని ఊరికి పోయిండు, ఆయనొక్కడే ఉన్నడు. పిల్ల బాపు మెడ మీద కూసోని అడివంత తిరిగింది. పది పన్నెండు దినాలకు జరమొచ్చింది. ఒకనాడు మిట్ట మధ్యాహ్నం కండ్లు తేలేసి కాళ్లు చేతులు కొట్టుకునుడు మొదలువెట్టింది.

ఆయన చేతిల కట్టె ఆడ్నే పడేసి, పిల్లను గొంగట్ల సుట్టుకోని రోడ్డు దిక్కు ఉరికిండు. నేనెన్క ఉరికిన. నా చెప్పులు ఏడ పోయినయో తెల్వది. ముందుగాల ట్రాక్టరు, తర్వాత జీపు, ఎట్లనో మానుకోట దవాఖానకు చేరినం. మలేరియా మెదడుకు ఎక్కింది, ఏం చెప్పలేమన్నడు డాక్టరు. ఆయన పిల్ల పాదం పట్టుకోని మంచం కాడ నిలబడ్డడు. చాయ గూడ ముట్టలే.

మూడోనాడు పొద్దుగాల పిల్ల కండ్లు తెరిసి, ఆకలైతుందన్నది. దేవునికి దండం పెట్టుకున్న, డాక్టరుకు గూడ పెట్టిన. గప్పుడు నాకు మంద యాదికొచ్చింది. మాకు భూమి లేదు, జాగ లేదు, ఉన్నదంత గా మందనే. అడివిల తోడేళ్లున్నయి, కుక్కలున్నయి.

"ఏమయ్యా, మందను ఎవరికి అప్పజెప్పొచ్చినవ్?" అని అడిగిన.

ఆయన నా మొకం సూసిండు. "ఏ మందనే?" అన్నడు.

ఎచ్చులకు అన్నది గాదు. నిజంగనే ఆయనకు యాదికి లేదు. జరసేపటికి అన్నీ యాదికొచ్చి, తలకాయ పట్టుకోని కిందనే కూలబడ్డడు. జెప్పన పో అని నేను మొత్తుకున్నా, పిల్ల నాలుగు ముద్దలు తిన్నంకనే లేసిండు.

వాల్యా, ఆయన పెండ్లం తమ పని ఇడిసిపెట్టి మందను కాసిండ్రు. రెండు మూడు గొర్రెపిల్లలు పోయినయి గని మంద నిలబడ్డది. వాళ్లు సల్లగుండాలె. గప్పటికెల్లి మా ఆయన ఏటేట మొదలు వాల్యా చెల్కల్నే మంద పెట్టిండు, వడ్లు ముట్టలే. ఆయన దినాలకు వాల్యా అంత దూరంకెల్లి వచ్చి ఓ మూలకు కూసోని ఏడ్సిండు.

దవాఖానకెల్లి వచ్చినంక నాతోని ఒట్టేపిచ్చుకున్నడు. "మందను మర్శిన్నని ఎవ్వరికి చెప్పకు గట్టమ్మా, కాపరికి ఇజ్జత్ పోతది" అన్నడు. ఎవ్వరికి చెప్పలే. అమూల్యకు గూడ చెప్పలే. పైకెల్లి, నీకు గొర్లే ఎక్కువ పో అని మునుపటి లెక్కనే తిడుతుంటి. ఆయన నా దిక్కు సూసి నవ్వుతుండె. గట్ల నవ్వే మనిషితోని బతికిన, నాకేం తక్కువైంది?

దినాల నాడు అందరు పోయినంక ఒట్టు తీసి గట్టున పెట్టిన. అమూల్యను పక్కన కూసోబెట్టుకోని అంత చెప్పిన.

"నాకోసం బాపు మందను మర్శిండా?" అన్నది.

మర్శిండు బిడ్డా, అన్న.