అన్న వెతికిన పొద

మంగళవారం పొద్దున అన్న పేపర్లు మార్చాడు. రెండు చెక్కల మధ్య ఆకులు అణిచి ఎండబెట్టేటప్పుడు చెమ్మ పీల్చిన పేపరు తీసి పొడి పేపరు పెట్టాలి. లేకపోతే ఆకు నల్లబడి బూజు పడుతుంది. తీసిన పేపర్లను పిట్టగోడ మీద పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టి, రెండు జొన్నరొట్టెలు తిని కాలేజీకి పోయాడు. ల్యాబు మెట్ల మీద కూలబడ్డాడని పదకొండింటికి ఫోన్ వచ్చింది. నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది.

అన్న పేరు అంతయ్య. సిరిసిల్లలో మా బాపు సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మావైపు అట్లా అంటారు. అన్న కూడా పదేళ్లు ఆ చప్పుడులోనే పనిచేసి, తర్వాత మంచిర్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో, వృక్షశాస్త్రం ల్యాబుకు అటెండరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. నా భర్త పోయాక నేను ఆయన దగ్గరికే వచ్చి, బడిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాను.

ఏడేళ్ల కింద, కాలేజీ పిల్లల కోసం ఆకులు తేవడానికి పోయినప్పుడు, జన్నారం దాటినాక కవ్వాల అడవిలో ఒక వాగు ఒడ్డున ఆయనకు రెండు పొదలు కనబడ్డాయి. ఛాతీ ఎత్తు ఉంటాయి. ఆకు పైన ముదురాకుపచ్చ, అడుగున బూడిదరంగు నూగు. శ్రావణంలో ఆకు మొదట్లో చిన్న తెల్లపూలు పూసి, మర్నాడు సాయంత్రానికల్లా రాలిపోతాయి. అక్కడి గోండులు దాన్ని మందుకు వాడరు, పొయ్యిలోకి కొట్టరు. అందుకేనేమో దానికో పేరు కూడా పెట్టలేదు.

లెక్చరర్ అనసూర్య మేడం కొమ్మను భూతద్దంలో చాలాసేపు చూసింది. వందేళ్ల కింద ఎవరో తెల్లదొర ఎండబెట్టిన ఒక్క కొమ్మ తప్ప మళ్లీ ఎవరికీ కనబడని పొద ఇదే కావచ్చంది.

"కానీ పువ్వును బట్టి చెప్పలేం అంతయ్యా. అచ్చం ఇట్లాగే ఉండే మామూలు పొద ఇంకోటుంది. దాని కాయలో రెండు గింజలు. దీంట్లో నాలుగుండాలి. కాయ తే, చీల్చి చూద్దాం."

కొమ్మను అట్టకు అంటించి, ఆ అరుదైన పొద పేరు రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అది తీసేయించాలని అన్న పట్టు.

కాయ మాత్రం కాయలేదు. పూత పక్షుల పాలవుతోందని అన్న అనుకున్నాడు. సాంచె మీద ఒక్క పోగు తెగినా పరుగెత్తి ముడివేసే ఇంట్లో పుట్టినవాడు. మొగ్గలకు సంచులు కట్టాలనుకున్నాడు. సిరిసిల్ల నుంచి బాగా ఒత్తుగా నేసిన బట్ట తెప్పించాడు. నేను వేలెడంత సంచులు కుట్టి దారాలు పెట్టాను. ఏటా కట్టడం, ఏటా ఖాళీ సంచులతో తిరిగిరావడం. కాలేజీలో వాచ్‌మన్ ఎగతాళి చేసేవాడు: "అంతయ్యా, నీ పొద గొడ్డుదేమో. ఇంకోదాన్ని జూసుకోరాదు?"

ఆరో ఏడు మేడం స్వయంగా వచ్చి చూసింది.

"ఈ సంచులేంటి?"

"పూత ఆగం గాకుండ మేడం."

"మరి పురుగు లోపలికి ఎట్లా పోతుంది? ఒక పొద పుప్పొడి ఇంకో పొదకు చేరితే తప్ప ఇది కాయదేమో."

ఆ సాయంత్రం అన్న సంచులన్నీ నా ముందు కుప్ప పోశాడు.

"ఆరేండ్లు, చెల్లె."

"నేనే కుట్టిన గదనే."

"మంచిగ కుట్టినవ్. గందుకే ఒక్క పురుగు గూడ దూరలే."

మరుసటి ఏడు సంచులు కట్టలేదు. నువ్వుగింజంత నల్లపురుగులు పూల మీద వాలడం చూశానని పసివాడిలా చెప్పాడు. కార్తీకానికి మూడు పిందెలు నిలిచాయి. ఇక ప్రతి ఆదివారం జన్నారం బస్సే. అక్కడ అడవి వాచర్ ఆత్రం జంగు తోడు.

అన్న బతికున్న ఆఖరి ఆదివారం మా అవ్వ, అంటే అమ్మ, సంవత్సరీకం. మధ్యాహ్నానికి వస్తానని తెల్లారకముందే పోయిన పెద్దకొడుకు, దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. చిన్నాన్న కొడుకుతో పిండం పెట్టించాం. చుట్టాలు తిని, నాలుగు మాటలని పోయారు. అన్న కాళ్లు కడుక్కుంటుండగానే నేను అందుకున్నాను.

"అవ్వ కోసం ఒక్క పూట ఉండలేవానే? కాయ, కాయ అని తిరుగుతవు. రేపు నీకు పిండం పెట్టేది ఆ కాయనా?"

"చెల్లె, జర నా మాట ఇనవే."

"ఏం ఇనాలె? ఏడేండ్లు ఇన్న."

వంటింట్లోకి పోయి గిన్నెలు తోముతూ కూర్చున్నాను. ఆయన చల్లారిన అన్నం పెట్టుకు తిన్నాడు. గారెలు మంచిగైనయన్నాడు. సోమవారం కాలేజీ నుంచి వచ్చి, మేడం సెలవులో ఉందట, బుధవారం వస్తదట అని మాత్రం చెప్పాడు. నేను బడిపిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చున్నాను.

దశదినాలయ్యాక మేడం నన్ను కారులో అడవికి తీసుకుపోయింది. జంగు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయాడు; ఇంకో వాచర్ దారి చూపించాడు. కొమ్మకు ఎండిన తొడిమలున్నాయి, కాయల్లేవు. మేడం మోకాళ్ల మీద కూర్చొని కింద రాలిన ఆకులన్నీ వెతికింది. తిరిగివచ్చాక అట్ట మీద ఏమీ మార్చలేదు. మార్చిలో అడవి మంట ఆ వాగు ఒడ్డంతా కాల్చిందని ఫోన్ చేసింది. మా అన్న బతుకంతా ఒక మామూలు పొద వెనక పోయిందని నేను చుట్టాలతో అన్నాను. నమ్మే అన్నాను.

ఆషాఢంలో జంగు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చావు సంగతి ఆలస్యంగా తెలిసిందట. గడప పక్కన కూర్చొని నీళ్లు తాగాడు.

"ఆ ఆదివారం మూడూ నల్లగ పండినయి అక్కా. రెండు మేడం కండ్లార జూడాలని చెట్టుకే ఉంచిండు. ఒకటి తెంపి బ్లేడుతోని చీరిండు. ఎండితే మొలవయని అక్కడ్నే మట్టిల పెట్టి, వాగుల నీళ్లు దోసిట్ల తెచ్చి పోసిండు. గట్లనే బస్సు దాటిపోయింది."

నేను ఖాళీ చెంబు అందుకున్నాను.

"గింజలెన్ని ఉన్నయి జంగూ?"

"నాలుగు. నా చేతుల పోసి, నాతోని గూడ లెక్కపెట్టిచ్చిండు."