ఖాళీకి మనిషెందుకు

కాలేజీలో ఫిజిక్స్ చెప్పి చెప్పి గొంతు పోయింది, మోకాళ్లూ పోయాయి. ఇప్పుడు ఫిలింనగర్‌లో ఇంటర్ పిల్లల కోసం తీసే పాఠాల వీడియోల దగ్గర కూర్చుని తప్పులు చూడటం నా పని. అదైనా చెయ్యడానికి ఓపిక ఎక్కడేడ్చింది?

ఆ రోజు డయోడ్ పాఠం. జూనియర్ ఆర్టిస్టులతో తీద్దామని కుర్ర డైరెక్టర్ సరదా. నీలంచీరల ఆడవాళ్లు ఎలక్ట్రాన్లట, ఎర్రచీరలవాళ్లు హోల్స్ అట. ఫ్లోర్‌లో అటూ ఇటూ కుర్చీలు వేయించాడు.

"హోల్ అంటే మనిషి కాదు నాయనా, ఎలక్ట్రాన్ లేచిపోయిన కుర్చీ," అన్నాను. "పక్కావిడ జరిగి ఇందులో కూర్చుంటే ఖాళీ అటు జరుగుతుంది. ఖాళీకి మనిషెందుకు?"

"సూపర్ మేడం! అయితే ఎర్రచీరలవాళ్లని పంపించేయండి!" అని కేకేశాడు.

నా నోరు పడిపోను! షేక్‌పేట నుంచి వచ్చిన పెద్దామె ఎర్రచీర కుచ్చిళ్లు పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"ఏంది మేడం, చీర గట్టి రంగేసుకున్నంక ఒద్దంటరా? షాట్‌ల లేకుంటె ఇయ్యాల్టి కూలి రాదు."

డైరెక్టర్‌తో ఏదో అబద్ధమాడదామా అనుకున్నాను. అక్కర్లేకపోయింది.

"ఆగు బాబూ," అన్నాను. "డయోడ్‌లో రెండు ముక్కలు కలిసే చోట ఎలక్ట్రాన్లు దాటిపోయి అవతలి ఖాళీల్లో కూర్చుండిపోతాయి. వాటిని పోగొట్టుకున్న పరమాణువులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి, పాజిటివ్‌గా. కదల్లేవు. వెళ్లేవాళ్లని వెనక్కి లాగుతుంటాయి. వాటివల్లే కాసేపటికి ఆ దాటడం ఆగుతుంది. వాటికి మనుషులు కావాలి. ఎర్రచీరలే కావాలి."

మధ్యాహ్నమంతా లైట్ల వేడిలో వాళ్లు కదలకుండా కూర్చున్నారు. నీలంచీరలవాళ్లు పరిగెత్తి వెళ్లి కాస్త ఫ్యాన్ కిందైనా నిలబడ్డారు, వీళ్లకి అదీ లేదు. పెద్దామె కాళ్లు పట్టేసినా కుర్చీ వదల్లేదు. చూస్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంది.

ప్యాకప్ చెప్పాక అడిగింది. "రేపు గూడ ఉంటదా మేడం?"

రేపు ఫార్వర్డ్ బయాస్. కరెంటు పారేలా బ్యాటరీ తగిలిస్తే ఆ కదలనివాళ్ల పొర సన్నబడుతుంది. సగంమంది చాలు. నేను డైరెక్టర్ వైపు తిరిగాను.

"రేపు రివర్స్ బయాస్ తీద్దాం."

"పుస్తకంలో ముందు ఫార్వర్డ్ కదండీ?"

"బ్యాటరీ తిప్పి తగిలిస్తే పొర వెడల్పవుతుంది. వీళ్లందరూ కావాలి, ఇంకో నలుగురు కూడా."

ఆమె మొహం ఇంతయింది. "మా చెల్లెను తోల్కొస్త మేడం!"

"తీసుకురామ్మా," అన్నాను. ఎల్లుండి ఫార్వర్డ్ బయాస్ అని చెప్పడానికి నోరు రాలేదు.