ఆవకాయ సీసాలో డీజిల్

ఇవాళ పొద్దున బోటనీ డౌన్స్‌లో మా అమ్మాయి ఇంట్లో, స్నానాల గది కిటికీలో పెట్టిన కొబ్బరినూనె సీసా తెల్లగా పేరుకుపోయి కనబడింది. జులై అంటే ఈ న్యూజిలాండ్‌లో నడి చలికాలం కదా, ఆక్లాండ్‌లో కూడా ఆమాత్రం చలి ఉంటుంది. అమ్మాయి ఆఫీసు హడావిడిలో దాన్ని మైక్రోవేవ్‌లో పెట్టబోతుంటే, మా ఆవిడ వంటింట్లోంచి "అయ్యో, సీసా పగులుద్దే! వేడినీళ్ళలో గుడ్డ ముంచి చుట్టు" అని కేకేసింది. ఆ కేక వినగానే నేను చేతిలో కాఫీ పక్కన పెట్టేసి, ఎవరూ పిలవకుండానే మా ఇన్వర్‌కార్గిల్ రోజుల్లోకి వెళ్ళిపోయాను. నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఈ వయసులో మనిషిని వెనక్కి లాక్కుపోవడానికి పెద్ద కారణమేమీ అవసరం లేదు.

అప్పట్లో నేను దేశానికి దక్షిణపు కొసన, ఇన్వర్‌కార్గిల్ దాటాక ఒక పాల ఫారంలో పనిచేసేవాణ్ణి. మనవాళ్ళంతా కంప్యూటర్లు పట్టుకుని వెల్లింగ్టన్ వైపు వెళుతుంటే వీడేమిటి ఆవుల వెంట పడ్డాడని బంధువులు నవ్వుకున్నారు గానీ, పల్నాటి మిరపచేలలో మా నాన్నగారి ఆయిలింజను చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి, ఇంజను దగ్గర నిలబడితే నాకు సొంత ఇంట్లో ఉన్నట్టే ఉండేది. చెబితే గొప్పలంటారు గానీ, మొరాయించిన ఇంజను చప్పుడు విని దాని రోగమేమిటో చెప్పేవాణ్ణి. అయితే మా ఫారం చుట్టుపక్కలవాళ్ళకు మాత్రం ఒక అనుమానం ఉండేది. ఎండదేశంనుంచి వచ్చినవాడు, ఇక్కడి చలికాలం ఒక్కటి సొంతంగా గట్టెక్కించగలడా అని. వాళ్ళు పైకి అనలేదు, కానీ నాకు తెలుసు, అది నాకు ముల్లులా గుచ్చుకునేది.

ఆ ఏడు నడి చలికాలంలో మా యజమానికి మోకాలి ఆపరేషన్ పడింది. ఆసుపత్రికి బయలుదేరుతూ, కారు అద్దం దించి, ఆయన నాతో ఒకటే మాట అన్నాడు: "మంద నీదే, మేట్." ఆవులన్నీ నిండు చూలుతో ఉన్నాయి, ఇంకొన్ని వారాల్లో ఈనికలు మొదలవుతాయి. ఆ చలిలో వాటికి కడుపునిండా మేత పడకపోతే తల్లీ నీరసిస్తుంది, కడుపులోని దూడా నీరసిస్తుంది. వేసవిలో కోసి మూటగట్టి పులియబెట్టిన గడ్డిని ట్రాక్టరు మీద తీసుకెళ్ళి పొద్దున్నే పొలంలో పరచాలి. ట్రాక్టరు లేకుండా ఆ మూటలు మనిషి కదిలించగలిగేవి కావు. నా చేతిలో ఇంకొకరి మంద పెట్టి వెళ్ళాడాయన. ఆ మాట నిలబెట్టుకోవడం తప్ప నాకు ఆ రోజుల్లో వేరే ధ్యాస లేదు.

ఆ మర్నాడే, ఏళ్ళ తరబడి చూడనంత మంచు పడింది. గడ్డి పరకలు కాళ్ళకింద గాజుముక్కల్లా పటపటమన్నాయి. షెడ్డులో ట్రాక్టరు తాళం తిప్పగానే హాయిగా స్టార్టయింది, చూశారా నా చేయి అనుకున్నాను కూడా. షెడ్డు దాటేలోపే గుక్కపట్టి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే బ్యాటరీ బాగానే తిప్పుతోంది గానీ ఇంజను అందుకోదు. మా ఊళ్ళో డీజిలింజను ఇలా నడిచి ఆగిందంటే కారణం ఒక్కటే, పైపులో గాలి పట్టింది. అందుకని నేను ధీమాగా రెంచీ తీసి, ఫిల్టరు మీది మరను వదులుచేసి, చేతిపంపు కొట్టడం మొదలుపెట్టాను. గాలి ఉంటే బుడగలు రావాలి, లేకపోతే డీజిల్ రావాలి. బుడగా రాదు, బొట్టూ రాదు. పల్నాడు నేర్పిన విద్య అంతా ఆ ఒక్క మర దగ్గరే అయిపోయింది, నేను మాత్రం పట్టువదలకుండా గాలి, గాలి అనుకుంటూ కొడుతూనే ఉన్నాను.

కంచె అవతలనుంచి ఆవులు అరవడం మొదలుపెట్టాయి. పక్క ఫారం ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఆయన మంద తిప్పలు ఆయనకున్నాయి. యజమాని ఫోన్ ఎత్తే స్థితిలో లేడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా చేతివేళ్ళు కూడా తిమ్మిరెక్కి రెంచీ పట్టు జారిపోతోంది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. ఎండదేశంవాడు ఆగిపోయాడని రేపు అందరూ అనుకుంటారనే బాధ ఒకవైపు, ఆ మూగజీవాల అరుపు ఒకవైపు.

అప్పుడే మా ఆవిడ టీ పట్టుకుని వచ్చింది. "ఏందండీ, ఇంకా దాంతో కుస్తీనేనా?" అంటూ వంగి, ఫిల్టరు అడుగున ఉండే గాజుగిన్నెలోకి చూసింది. నేను మరవైపే చూస్తున్నాను గానీ గిన్నెవైపు చూడనే లేదు. "ఇది గాలి కాదు, పేరుకుంది. మన కొబ్బరినూనె పేరుకున్నట్టే ఉంది, చూడండి." చూద్దును గదా, డీజిల్ తెల్లగా మజ్జిగలా తయారై, అడుగున మైనంలా పట్టేసింది. చలికి గడ్డకట్టని డీజిల్ అక్కడ చలికాలానికి ముందే తెప్పిస్తారు. ఆసుపత్రి గొడవలో ఆ ఏడు ట్యాంకరు రానే లేదు, మా ట్యాంకులో పాత డీజిలే మిగిలింది. డీజిల్ పేరుకుంటుందని పల్నాటి ఎండలో నాకెవరు చెబుతారు?

నేను కెటిల్ తెచ్చి మరిగే నీళ్ళు గిన్నె మీద పోసేయబోతే ఆవిడ చేయి పట్టుకుని ఆపింది. తను కాపురానికొచ్చిన కొత్తలో, చలికి బిగిసిన గాజు మీద మరిగే నీళ్ళు పోసి మా అమ్మగారి నూనెసీసా పగలగొట్టిందట, అత్తగారి తిట్లు ఇంకా మరిచిపోలేదట. తన పాత నేతచీర రెండు ముక్కలు చింపి, వేడినీళ్ళలో ముంచి పిండి, ఫిల్టరుకీ పైపుకీ పసిబిడ్డకు కట్టినట్టు చుట్టింది. చల్లారితే మళ్ళీ ముంచి మళ్ళీ చుట్టింది. మెల్లగా గిన్నెలో తెలుపు విరిగి, డీజిల్ తేటగా మారింది. ఇల్లు అలకగానే పండగ కాదు కాబట్టి అప్పుడు నేను పంపు కొట్టి, మిగిలిన గాలి తీసేసి తాళం తిప్పాను. పొగ వదిలి, నాలుగు కుదుపులు కుదిపి, ఇంజను అందుకుంది. ఆ చప్పుడంత కమ్మని చప్పుడు నేను మళ్ళీ వినలేదు! ఇక దాన్ని ఆపితే ఒట్టు. ఆవిడ పక్కనే కూర్చుని చీరముక్కలు మారుస్తుంటే, ఆవులన్నిటికీ గడ్డి పరిచేదాకా ఇంజను ఆపలేదు.

ఎండ వచ్చాక పక్క ఫారం ఆయన చలికాలపు డీజిల్ క్యాన్లు వేసుకుని వచ్చాడు. మేం ఆగిపోయి ఉంటామని అనుకున్నాడు. మేస్తున్న మందనీ, ఫిల్టరుకు చుట్టిన చీరనీ మార్చి మార్చి చూసి, టోపీ సర్దుకుని, "నాట్ బ్యాడ్" అన్నాడు. ఆ దక్షిణాదివాళ్ళ నోట ఆ మాట రావడమంటే మన దగ్గర శాలువా కప్పినంత. ఆ సాయంత్రమే మా ఆవిడ ఖాళీ అయిన ఆవకాయ సీసా కడిగి, అందులో ట్రాక్టరు డీజిల్ పోసి, షెడ్డు బయట మేకుకు వేలాడదీసింది. పొద్దున లేవగానే సీసా చూడాలి. తేటగా ఉంటే స్టార్ట్ చేయాలి, మసకేస్తే ముందు చీర చుట్టాలి. కర్రల మీద కుంటుకుంటూ ఇంటికొచ్చిన యజమాని ఆ సీసా సంగతి విని, మర్నాటినుంచి తనే పొద్దున్నే దాన్ని చూసి రావడం మొదలుపెట్టాడు. ఆ తరువాత ఆ చుట్టుపక్కల ఎవరూ నన్ను అనుమానంగా చూడలేదు.

ఇప్పుడు ఆ ఫారం యజమాని కూతురు నడుపుతోంది. ఇవాళ ఊరుకోలేక ఆమెకు ఫోన్ చేశాను. కొత్త ట్రాక్టరు తెరమీద అన్నీ అదే చెబుతుందట, చలికాలపు డీజిల్ వేళకు దానంతటదే వచ్చేస్తుందట, ఎవరూ బయటికెళ్ళి చలి ఎంతుందో చూడక్కర్లేదట. మంచిదే, నా వేళ్ళు పడ్డ బాధ ఇంకెవరికీ వద్దు. కానీ పొద్దున్నే ఒక సీసా ముందు ఇద్దరు నిలబడి, ఇవాళ మనమేం చేయాలో మాట్లాడుకోవడం అనేది కూడా దాంతోపాటే పోయింది. ఆ మాటే ఆమెతో అంటే నవ్వి, ఇంకో సంగతి చెప్పింది. మొన్న షెడ్డుకు రంగులేస్తూ గోడమీదివన్నీ తీసేశారట. వాళ్ళ నాన్న, మా ముసలి యజమాని, ఎవరి మాటా వినకుండా ఆ ఆవకాయ సీసాను మాత్రం దాని మేకుకే మళ్ళీ తగిలింపించాడట.

గుంటూరునుంచి బట్టల్లో చుట్టి మోసుకొచ్చిన మంచి సీసాను, ఫారం వదిలి వచ్చేటప్పుడు నేను షెడ్డుకే వదిలేసి వచ్చానని, దాన్ని అడిగి తెప్పించమని మా ఆవిడ ఇన్నేళ్ళుగా నన్ను సాధిస్తూనే ఉంది. ఆ కబురు చెప్పగానే ఆవిడ చేతిలోని గుడ్డను కొబ్బరినూనె సీసాకు చుట్టి ముడి బిగించింది.

"ఇంక అడగన్లెండి. దాన్నక్కడే ఉండనీండి" అంది.