తలమీద ముట్టిన కాకి

మొన్న ఆదివారం మా మేనత్త ఊరి నుంచి ఫోన్ చేసింది. చేతులకు జొన్నపిండి అంటి ఉండటంతో స్పీకర్ పెట్టి, రొట్టె తడుతూనే మాట్లాడాను. ఆమెకు వయసు మీదపడింది గానీ గొంతు మాత్రం ఏమీ తగ్గలేదు. కర్నూలులో మా వంటింట్లో ఆమె మాట పక్కవాటా వాళ్లకు కూడా వినబడుతుంది. రాని వానల గురించి, వచ్చిన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి చెప్పి, చివరికి అసలు సంగతికి వచ్చింది. "ఏం కోడలా, మీ పాపకు కాకి ముట్టిందా, ఇంకా లేదా?" ఏడో తరగతి చదివే నా కూతురు బల్ల దగ్గర కూర్చుని పటానికి రంగులు వేసుకుంటోంది. తలెత్తి, "కాకి ముడితే ఏమైతాది మా?" అని అడిగింది. "ఏం కాదులే. నీ పని నువ్వు చూసుకో" అన్నాను. పెనం మీద రొట్టె మాడిపోయింది.

ఆ జవాబు నాది కాదు, మా అమ్మది. ముప్పై ఏళ్లుగా నేను ఆమె మీద మోస్తున్న ఫిర్యాదు అదే. నాకు మరచిపోవడం చేతకాదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. రెండో తరగతిలో నా పలక పగలగొట్టి, పడి పగిలిందని అబద్ధమాడిన పిల్ల నిరుడు ఒక పెళ్లిలో కలిస్తే నేను పలకరించలేదు. అలాంటిదాన్ని, నాకు జరిగిన అన్యాయాన్ని అచ్చుగుద్దినట్టు నా నోటితోనే నా కూతురికి చేశాను. అది మళ్లీ అడుగుతుందేమోనని సాయంత్రం దాకా ఇంట్లో దాని కంట పడకుండా తిరిగాను. దాని స్కూలు బ్యాగు, దాని నడక, ఈ మధ్య అది అద్దం ముందు నిలబడే తీరు, ఏం చూసినా అదే గుర్తొచ్చింది. చెప్పాలి. చెప్పకముందే వస్తే? బడిలో వస్తే? ఆటోలో వస్తే?

మాది పత్తికొండ వైపు ఎర్రనేల పల్లె. నెలనెలా అమ్మ పసుల కొట్టంలో ఒక మూల, విడిగా ఒక గిన్నె, ఒక చెంబు పెట్టుకుని కూర్చునేది. దగ్గరకు పోతే దూరం జరిగేది. ఏమైందంటే, "కాకి ముట్టింది" అనేది. అందరి ఇళ్లలోనూ పిల్లలకు చెప్పేది ఆ మాటే. మిగతా పిల్లలు విని ఊరుకునేవాళ్లు. నేను నమ్మాను. ముట్టుకుంటే చాలు మనిషిని ఇంట్లోంచి వెళ్లగొట్టి, గడ్డీ పేడా వాసనలో కూర్చోబెట్టగల ఆ పక్షి మా కొట్టం కప్పు మీదే కాపురం ఉండేది. రాత్రి కలల్లో కూడా అది మెడ పక్కకు వంచి ఒంటి కన్నుతో నన్నే చూసేది. నాయన తువ్వాలు తలకు చుట్టుకుని బడికి పోయేదాన్ని. అమ్మ పెరట్లో గిన్నెలు తోముతుంటే చీపురు పట్టుకుని కాపలా నిలబడేదాన్ని. అంత కాపలా కాసినా ప్రతి నెలా కాకి ఎప్పుడు వచ్చేదో, ఎట్లా ముట్టేదో తెలిసేది కాదు. నా తప్పే అనుకుని కుమిలిపోయేదాన్ని. నేను చీపురుతో నిలబడటం చూసి మా మేనత్త పడీపడీ నవ్వేది. ఎందుకు నవ్వుతోందో చెప్పేది మాత్రం కాదు.

ఆమె నాయనకు అక్క. రెండు వీధుల అవతలే ఇల్లు. అక్క మాటకు నాయన ఎదురు చెప్పింది లేదు. ఆమె కొడుక్కి, అంటే మా బావకు, నాకంటే చాలా పెద్ద వయసు. ట్రాక్టరు తోలేవాడు. మేనత్త నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు, కోడలా అనే పిలిచేది. నేనది ముద్దనుకున్నాను. మా బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు రాలేదు. తర్వాత కూడా రాలేదు. మరుసటి వేసవిలో మెడలో తాళితో బావి దగ్గర కనబడింది. ఏమైందని అడిగితే ఇంటికి పోయి మీ అమ్మను అడుగు అంది. అమ్మ, నీ పని నువ్వు చూసుకో అంది.

ఆరో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తున్నాను. కాకులు గూళ్లు పెట్టే కాలం. వేపచెట్టు కింద నుంచి నడుస్తుంటే రెక్కల చప్పుడు, ఆ వెంటే తలమీద గీసుకుపోయిన మంట. తువ్వాలు ఆ రోజే మరిచిపోయాను. ఇంటికి పరుగెత్తాను. అమ్మ చేనికి పోయింది. మేనత్త మా అరుగు మీద కూర్చుని ఉంది. "అత్తా, నన్ను కాకి ముట్టింది" అన్నాను ఏడుస్తూ. ఆమె ముఖం దీపం వెలిగించినట్టయింది. ఎవురికన్నా చెప్పినావా అని అడిగి, లేదంటే, మంచి పని చేసినావు అంది. ఇంకేమీ అడగలేదు. అడగటానికి ఆ మాట తప్ప ఆమె దగ్గరా ఇంకో మాట లేదు.

కొట్టంలో ఈతచాప పడింది. పక్కన రోకలి అడ్డం పెట్టారు. వీధి ఆడవాళ్లు నువ్వులూ బెల్లం దంచారు. మేనత్త తనే పోయి ఆకుపచ్చ గాజులు తెచ్చి చాప మీద పెట్టి, నన్నే ఎక్కించుకోమంది. నన్ను ఎవరూ తాకడం లేదు, అందరూ నవ్వుతున్నారు. ఇక నేను బతికినన్నాళ్లూ ఈ మూలనే ఉండాలని నాకు అర్థమైపోయింది. అరుగు మీద మేనత్త నాయనతో బావ మాట ఎత్తడం వినబడింది. చేని నుంచి వచ్చిన అమ్మ చేతిలో గంప అట్లాగే జారవిడిచింది. అందరినీ బయటికి పంపి నా ముందు కూర్చుంది. "యాడ ముట్టిందే?" అంది. తల చూపించాను. జుట్టు పాయలు తీసి ఆ గీత చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయటికి పోయి అందరికీ వినబడేలా చెప్పింది. "ముట్టింది నిజమే వదినా. తలకాయ మింద ముట్టింది."

ఆ రోజు మా వీధి నవ్విన నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. బడిలో అయ్యవారు కూడా హాజరు వేస్తూ కాకిపిల్ల వచ్చిందా అని అడిగాడు. మేనత్త రెండు రోజులు మా గడప తొక్కలేదు. మూడో రోజు వచ్చి నా చేతుల గాజులు విప్పించి పట్టుకుపోయింది. అందులో ఒకటి విరిగి నా మణికట్టు గీసుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ చూపించగలను.

మరుసటి ఏడు, చెనక్కాయలు పీకే రోజుల్లో, నిజంగా వచ్చింది. రక్తం. దానికీ కాకికీ సంబంధం ఉందని నాకు తోచనే లేదు. వెనకింటి ఆమె కడుపులో గడ్డతో, రక్తం పోయి పోయి చనిపోయిందని ఊరంతా చెప్పుకోవడం విన్నాను. నాదీ అదే అనుకున్నాను. చెబితే నవ్వుతారు, చెప్పకపోతే చస్తాను. చావే నయమనిపించింది. పావడా తీసి చెనక్కాయకట్టె వామిలో దూర్చాను. ఎద్దులకు మేత తీయబోయి అమ్మ దాన్ని చూసింది. నన్ను కొట్టం వెనక్కి లాక్కుపోయి, పాత చీర చింపి ఎలా పెట్టుకోవాలో చూపించి, "ఎవురికీ చెప్పొద్దు. మీ నాయనకు గూడా. మీ అత్తకు అసలే వద్దు" అంది. "అమ్మా, నేను చచ్చిపోతానా?" అన్నాను. ఆమె నా నోరు మూసింది. "చెప్తే చచ్చిపోతావు."

అంతే చెప్పింది. పదో తరగతి అయ్యేదాకా ఆ మాటతోనే బతికాను. ఎవరైనా నా ముఖంలోకి చూస్తే చాలు, ఇప్పుడే చచ్చిపోతానని ఒళ్లు చల్లబడేది. అమ్మ నా గుడ్డలు తన గుడ్డల్లో కలిపి ఉతికేది. మైలను అంతగా పాటించే మనిషి, ఆ రోజుల్లో కూడా నన్ను అందరి ముందూ వంటింట్లోకి పంపేది, దీపం పెట్టమనేది. నేను వత్తి ముట్టిస్తుంటే ఆమె వెనక నిలబడి దేవుడికి దండం పెట్టేది. మేనత్త నన్ను ఎగాదిగా చూసేది గానీ, ఒకసారి నవ్వులపాలైన మనిషి కాబట్టి నోరు తెరిచి అడగలేకపోయింది. చివరికి విసిగి బావకు వేరే ఊరి పిల్లను తెచ్చుకుంది. ఆ పెళ్లి భోజనాల విస్తళ్లు ఎత్తిన తర్వాతే అమ్మ నా సంగతి బయటపెట్టింది. "ఈసారన్నా నిజమేనా, ఏమ్మే?" అని మేనత్త నువ్వులుండ నములుతూ అడిగింది. అప్పటికి నాకు కర్నూలు హాస్టల్లో సీటు వచ్చింది.

అమ్మ నా చదువు నిలబెట్టింది. కాదనను. కానీ నువ్వు చచ్చిపోవు అని ఒక్క మాట చెవిలో చెప్పడానికి ఏం అడ్డం వచ్చింది? ఇప్పుడామె మా దగ్గరే ఉంటోంది. చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ టీవీ గొంతు పెంచింది.

ఆ ఆదివారం రాత్రి అన్నాలయ్యాక, చెప్పాల్సిన మాటలు లోపల కూడబలుక్కుని నా కూతురి గదికి వెళ్లాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అమ్మ గొంతు వినబడింది.

"కాకీ లేదు గీకీ లేదు పాపా. ఆడపిల్లకు నెలనెలా రక్తం పోతాది. రోగం కాదు, తప్పు కాదు. ఇస్కూల్లో వచ్చినా భయపడొద్దు. మీ టీచరమ్మకు చెప్పు, ఇంటికొచ్చి మీ యమ్మకు చెప్పు. మీ యమ్మ శానా భయపడింది. నేనే భయపెట్టినా."

"మా అమ్మకు ఎందుకు చెప్పలేదవ్వా?"

అమ్మ గొంతు తగ్గించింది. "తెలిసిన పిల్ల మొగం వేరేగుంటాది. మీ యమ్మ వాళ్లత్త పట్టేసేది. తెలీకుంటే ఉత్త భయమే కనపడతాది. భయపడే పిల్లను ఎవురూ పెద్దమనిషి అనుకోరు."

లోపలికి పోయి, ఈ మాట ముందు నాకు కదా చెప్పాల్సింది అని నిలదీద్దామనుకున్నాను. ఆ ఫిర్యాదు ఇంకా నాలోనే ఉంది, తప్పకుండా అడుగుతాను. కానీ ఆ రాత్రి కాలు కదల్లేదు. అమ్మ మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది, పిల్లకు సరిగా అర్థం కాలేదనుకుందో ఏమో. నేను తలుపు పట్టుకుని, చివరిదాకా విన్నాను. ఇన్నేళ్లుగా కాలం నన్ను ఎంతో దూరం తీసుకొచ్చిందని అనుకున్నాను. నాలోని ఒక చిన్నపిల్లను మాత్రం కొట్టం వెనకే వదిలేసి వచ్చిందని, ఆ పిల్ల ఇంకా ఈ మాట కోసమే అక్కడ నిలబడి ఉందని, అప్పుడే తెలిసింది.