వెనక సీటు

పాత విమానాలకు యుద్ధవేషం కట్టి సినిమావాళ్లకు ఇచ్చే షెడ్డు అది. ఒకప్పుడు కొత్త పైలట్లకు పాఠాలు చెప్పి అలిసిపోయిన రెండు సీట్ల విమానాలు అక్కడికి వచ్చేవి. షెడ్డు నడిపే మామగారు వాటి ముక్కు సాగదీసి, రెక్కల్లోంచి ఉత్తుత్తి తుపాకీ గొట్టాలు బయటికి పెట్టి, ఏనాడూ యుద్ధం మొహం చూడనివాటిని చూస్తేనే గుండె జారేలా తయారుచేసేవారు. ఒళ్లంతా రేకే అయినా, తోక మీద అటూ ఇటూ తిరిగే చుక్కానికి మాత్రం గుడ్డ తొడుగు. ఆ గుడ్డను లోపలి బద్దలకు బిగించి కుట్టడం పెద్దకోడలి పని. కుట్టు వదులైతే గాలిలో గుడ్డ లేచిపోతుంది. ఆవిడ కుట్టు ఎన్నడూ వదులు కాలేదు, కాబట్టి దాని ఊసు కూడా ఎవరూ ఎత్తలేదు.

ఆ షెడ్డుకు ఒక ఆనవాయితీ ఉంది. తయారైన విమానం మొదటిసారి ఎగిరేటప్పుడు వెనక సీట్లో దానికి పనిచేసినవాళ్లలో ఒకరు కూర్చోవాలి. “ఎక్కేది మనమే అని తెలిస్తే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తాం” అనేవారు మామగారు. మొదటినుంచీ ఆ సీటు పెద్దకోడలిదే. ఆవిడ భర్తకు ఇంజను విప్పడం వచ్చుగానీ నిచ్చెన ఎక్కితే కళ్లు తిరుగుతాయి. మరిదికి భయం లేదు, కానీ సీటులో పట్టడు.

అంతా బాగానే ఉండేది, చిన్నకోడలు రాకపోతే.

పెళ్లికి ముందు ఆ పిల్ల దుకాణాలకు బోర్డులు రాసేది. వచ్చీ రావడంతోనే విమానం ముక్కు మీద పళ్లు బయటపెట్టి తెరిచిన నోరు ఒకటి వేసింది. పక్కన బుల్లెట్లు తగిలినట్టు చిల్లులు, పొగ చారలు. దగ్గరికెళ్లి వేలు పెట్టి చూస్తేగానీ అవి రంగని నమ్మలేం. ఇక చూడాలి సంబరం. సినిమావాళ్లు ఒకరి తరవాత ఒకరు ఆ నోటి ముందు నిలబడి ఫొటోలు దిగారు. మామగారు కూడా జుట్టు దువ్వుకొచ్చి మరీ దిగారు. పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో తన చుక్కాని పక్కన నిలబడి ఒక్క మనిషి ఫొటో దిగిన పాపాన పోలేదు.

తరవాత వచ్చిన విమానానికి ఆవిడ ఒక పని చేసింది. కుట్ల వరసల మీద అంటించే గుడ్డ పట్టీని ఒకటికి రెండుగా వేసింది. ఎంత రంగు పూసినా వరసలు ఉబ్బెత్తుగా కనబడి తీరాలని ఆవిడ పంతం. విమానం ముక్కుకీ పళ్ల నోరు వేశాక, చిన్నకోడలు వచ్చి ఆ వరసల మీదే రెక్కలు చాపిన డేగను వేసింది. డేగ చాలా బాగుంది. బాగుండడమే పెద్దకోడలికి కంటగింపుగా ఉంది.

ఆ రోజు భోజనాల దగ్గర మామగారు మజ్జిగ పోసుకుంటూ అన్నారు. “ఈసారి వెనక సీట్లో చిన్నమ్మాయి కూర్చుంటుంది. దానికీ తెలియాలిగా.”

పెద్దకోడలు మజ్జిగ పోసుకోకుండానే కంచం తీసుకుని లేచిపోయింది.

మర్నాడు చుక్కానిని తూకం చూశారు. దాన్ని రెండు స్టాండ్ల మధ్య కీలు మీద వేలాడదీస్తే, వెనక అంచు కిందికి వాలకూడదు. వాలిందంటే బరువెక్కువని అర్థం. వేగంలో వణికి వణికి ఊడిపోతుంది. ఆ రోజు అంచు వాలింది.

“రంగే మామయ్యా” అంది పెద్దకోడలు వెంటనే. “ఆ డేగకి ఎన్ని పూతలు పూసిందో చూశారుగా.”

చిన్నకోడలు గరుకు కాగితం తీసుకుని డేగను గీకడం మొదలుపెట్టింది. మొదట గోళ్లు పోయాయి, తరవాత రెక్కలు, చివరికి కన్ను. పెద్దకోడలు పక్కనే స్టూలు వేసుకుని టీ తాగింది. అంత రుచిగల టీ ఆవిడ ఈ మధ్య తాగలేదు.

డేగ పోయాక మళ్లీ వేలాడదీశారు. అంచు మళ్లీ వాలింది.

మామగారు వరసల మీద వేలు నడిపించారు. ఒకచోట ఆగి, గోటితో పట్టీ అంచు లేపారు. దాని కింద ఇంకో పట్టీ.

“ఇదెందుకు పెద్దమ్మాయ్?”

ఎక్కేది ఎవరో, ఊడితే పోయేది ఎవరో ఆవిడకి అప్పుడు తట్టింది. జుట్టు నిండా రంగుపొడితో ఉన్న చిన్నకోడలే అందుకుంది. “గట్టిగా ఉంటుందని వేసుంటుంది మామయ్యా అక్క.”

తిట్టినా బాగుండేది. బొమ్మలు దానికే వచ్చు, మెప్పూ దానికే, ఆఖరికి మంచితనం కూడా దాని వాటాకే వెళ్లిపోయిందని పెద్దకోడలు లోలోపల రగిలిపోయింది. తలెత్తకుండా పట్టీలన్నీ ఊడదీసి, ఒక్కొక్కటే వేసి మళ్లీ అంటించింది. చిన్నకోడలు డేగ జోలికి పోలేదు. పల్చగా ఒక్క పూత వేసి ఊరుకుంది. ఈసారి అంచు వాలలేదు.

విమానం ఎగిరింది. కిందున్నవాళ్లంతా పళ్ల నోటిని చూసి చప్పట్లు కొట్టారు. పెద్దకోడలు చుక్కానినే చూస్తూ నిలబడింది. విమానం మలుపు తిరిగినప్పుడల్లా ఆవిడ కొంగు పిండేసింది. చుక్కాని వణకలేదు.

దిగగానే చిన్నకోడలు ఎవరి దగ్గరా ఆగకుండా ఆవిడ దగ్గరికే వచ్చింది.

“అక్కా, ముందుకి చూస్తే పైలట్ తల తప్ప ఏమీ కనపడదు. నా బొమ్మ నాకు కనపడనే లేదు. మెడ తిప్పితే పట్టీ కింద ఉబ్బిన నీ కుట్లు. ఎండ ఏటవాలుగా పడుతుంటే ఒక్కోటీ విడివిడిగా మెరుస్తోంది. దిగేదాకా అదే చూస్తూ కూర్చున్నా.”

ఆ కుట్ల గురించి ఒకరు నోరు తెరిచి మాట్లాడడం అదే మొదటిసారి. పెద్దకోడలు సంతోషించాల్సిందే. కానీ ఆ మెరుపును ఇన్నాళ్లూ లోకంలో తనొక్కతే చూసింది. ఆ సీటు కోసం ప్రాణం పెట్టింది అందుకే. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది అదొక్కటే. ఇప్పుడు దాన్నీ ఇది చూసేసింది.

“అలా వెనక్కి తిరిగి కూర్చోకూడదు” అంది పెద్దకోడలు. “మెడ పట్టేస్తుంది.”