వానపూజ నీళ్లు

చేద పైకి వచ్చిందంటే సెఫెరీనా పూత్ ముందు వేళ్లు ముంచి వాసన చూస్తుంది. ఏ వాసనా ఉండదు. తలాడించి, అప్పుడు బిందెలో పోసుకుంటుంది. పెళ్లై ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ అంతే.

మెక్సికోలోని యుకతాన్‌లో ఆ ఊరి కింద మట్టి తక్కువ, సున్నపురాయి ఎక్కువ. ఇళ్లకని రాయి తవ్విన గొయ్యి ఊరి పక్కనే ఉంది. ఖాళీ గొయ్యే కదా అని ఊరంతా చెత్త అందులో పోసింది. సెఫెరీనా కూడా పోసింది. రాయి నీళ్లను వడకడుతుందని అందరి నమ్మకం.

వానపూజలో దేవుళ్లకు పెట్టే మొక్కజొన్న గంజి ఆమె బావి నీళ్లతోనే కలుపుతారు. ఆడవాళ్లు పూజ దగ్గరికి వెళ్లరు. మిగిలిన గంజి మగవాళ్లూ పిల్లలూ తాగుతారు. ఒకప్పుడు ఆ నీళ్లు ఆడపడుచు ఫిదెన్సియా బావి నుంచి వెళ్లేవి. ఆ గౌరవం ఇటు మళ్లిన రోజు నుంచి ఫిదెన్సియా మాట మానేసింది.

ఈ ఏడు పూజ ముందురోజు నర్సు వచ్చింది. వెనకటి నెల ఊరి బావుల నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లింది ఆమే.

"తాగకు పెద్దమ్మా. చెత్తగుంట ఊట నీ బావిలోకి దిగింది. సీసం ఉంది."

"సున్నం వేసి కాస్తాను. సున్నంలో ఉడికిస్తే మొక్కజొన్న తొక్కే ఊడిపోతుంది, ఇదెంత?"

"కాచేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది."

"ఫిదెన్సియాది?"

"గుంటకు ఎగువన ఉందిగా. బాగానే ఉంది."

"దానికెప్పుడూ అదృష్టమే," అంది సెఫెరీనా.

సాయంత్రం క్రిసాంతో అనే పూజారి సొరబుర్రలు భుజాన వేలాడేసుకుని వచ్చాడు.

"పొద్దున్నే నింపి ఉంచు సెఫెరీనా. ఆ గౌరవం ఈ ఏడూ నీ బావిదే."

"నా నీళ్లు వద్దు, అన్నా. సీసం దిగిందట."

"దేవుళ్లు పీల్చేది ఆవిరి. సీసం వాళ్లకంటదు."

"మిగిలింది నీ మనవడే కదా తాగేది?"

క్రిసాంతో బుర్రలు కిందపెట్టాడు.

"ఫిదెన్సియాని నేనడిగితే గడ్డం పీకుతుంది. తన బావి మాన్పించింది నేనే."

"నీకు గడ్డమెక్కడేడ్చింది?"

అతను నవ్వలేదు. బుర్రలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. సెఫెరీనా పొయ్యి ముందు కూర్చుంది. ఇస్తే పిల్లలు తాగుతారు. ఇవ్వకపోతే ఇన్నేళ్ల గౌరవం తనంతట తనే ఫిదెన్సియా ఇంటికి మోసుకెళ్లాలి.

తెల్లవారాక బుర్రలు భుజాన వేసుకుని గుంటకు ఎగువకు నడిచింది. ఫిదెన్సియా ఇంటి వాకిట్లో నిలబడి, "వదినా, పూజకు నీళ్లు కావాలి," అని పిలిచింది. లోపల రొట్టెలు తట్టే చప్పుడు ఆగింది. ఎవరూ రాలేదు. ఆమె మళ్లీ పిలిచింది.