మా చెల్లెలు వెళ్లని పెళ్లిళ్లు

మొన్న మాఘమాసంలో రెండో బుధవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు తాండూరులో మా ఇంటి ముందు ఆటో ఆగింది. వికారాబాద్ నుంచి నా బిడ్డ, దాని కూతురు పెళ్లి పిలుపుకు వచ్చారు; పెళ్లి ఆ కూతురిదే, అంటే నా మనవరాలిది. నా బిడ్డ చేతిలో కుంకుమ భరిణె చూడగానే సంతోషించవలసింది పోయి, నేను వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాను. ముందు గదిలో నాపరాళ్ల నేల మీద గోడకు ఆనుకొని మా చెల్లెలు కూర్చుని ఉంది, దానికీ కుంకుమ భరిణెకూ యాభై నాలుగేళ్ల వైరం.

మన కాలం వాళ్లకు చెప్పనక్కరలేదు, అప్పట్లో శుభలేఖ చేతికందినా లెక్క కాదు, ఇంటికి వచ్చి ఆడవాళ్ల నుదుట బొట్టు పెడితేనే పిలుపు. నాకు పదిహేడు, చెల్లెలికి తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు ఒక శుక్రవారం మా మేనత్త తన కూతురి పెళ్లికి పిలవడానికి వికారాబాద్‌లోని మా ఇంటికి వచ్చింది. అమ్మకు పెట్టింది, నాకు పెట్టింది, తడి వేలితో చెల్లెలి నుదురు తాకగానే అది గట్టిగా అరిచి, లంగా అంచుతో చర్మం కందేదాకా రుద్దుకొని బొట్టంతా తుడిచేసింది.

"శుక్రారం పూట పెండ్లి బొట్టు తుడుస్తదా! రేపు నా బిడ్డకు ఏమన్న అయితే ఎవలు జిమ్మేదార్?" అంటూ మేనత్త చెప్పులు వేసుకుంది. ఆవిడ కూతురికి ఏమీ కాలేదు, ఈనాటికీ మొగుడి మీద, మోకాళ్ల మీద ఫిర్యాదులు చెబుతూ నిక్షేపంగా ఉంది. కానీ ఆ మాట మాత్రం చుట్టాల ఇళ్లన్నీ తిరిగింది. అప్పటి నుంచి పిలవడానికి వచ్చిన వాళ్లు గడప దగ్గరే అమ్మకు బొట్టు పెట్టి, గొంతు తగ్గించి, "చిన్నదాన్ని తోల్కరాకు వదినె, నలుగురిల బాగుండదు" అనేవారు. గొంతు తగ్గించినా లాభమేముంది, చెల్లెలు మూడడుగుల దూరంలోనే ఉండేది.

నా పెళ్లినాటికి నాకు ఇరవై, దానికి పన్నెండు. మగపెళ్లివారి ముందు రభస అవుతుందేమోనని అమ్మ నన్నే అడిగింది, "దాన్ని ఇంట్లనే ఉంచుదుమా బిడ్డా?" అని. నేను సరే అన్నాను. అందరూ అది అమ్మ నిర్ణయమనే అనుకున్నారు, నేనూ దిద్దలేదు. ఉదయం ఏడింటికి పక్కింటి అవ్వను కాపలా ఉంచి వెనక గదికి గొళ్లెం పెట్టారు. సాయంత్రం నాలుగున్నరకు తీసేసరికి అది కొత్త చెప్పులు వేసుకొని తలుపుకు ఎదురుగా నిలబడే ఉందని, ఆ తొమ్మిదిన్నర గంటలూ "పెండ్లికి పోదాం" అన్న ఒక్క మాటే అంటూ ఉందని అవ్వ తరువాత చెప్పింది.

తాండూరు కాపురానికి వచ్చాక ఒక నాపరాళ్ల పాలిష్ కార్ఖానాలో రాళ్ల కొలతలు రాసే పనిలో ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. అర అంగుళం తేడా వచ్చినా మళ్లీ కొలిపించేదాన్నని కూలీలు నన్ను టేపక్క అని పిలిచేవారు. అమ్మ పోయాక, అంటే ఇరవై రెండేళ్ల కిందట, చెల్లెలిని నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా ఇంటి నున్నటి రాతినేల దానికి ఎంత నచ్చిందంటే, మధ్యాహ్నం పూట కిటికీ నుంచి మూడో వరుస రాయి మీద చెంప ఆనించి పడుకునేది. ఒకసారి పక్కింటామె దాన్ని చూసి, "ఏమక్కా, మనం మాట్లాడేది మీ చెల్లెకు ఎర్కైతదా?" అని అడిగింది. చెల్లెలు తల ఎత్తకుండానే, "నీకు ఎర్కైతదా?" అంది. విన్న మాటనే తిరిగి అంటుందనుకొని ఇద్దరమూ నవ్వాం. అది జవాబేమోనని నాకు ఆనాడు తట్టలేదు.

మా మనవరాలు వికారాబాద్‌లో మా చెల్లెలి లాంటి పిల్లలకు చదువు చెప్పే టీచరు. ఆటిజం అన్న మాట రెండేళ్ల కిందట నాకు చెప్పింది అదే. అరవై దాటిన మనిషికి ఇప్పుడు పేరు తెలిసి ఏం లాభమని నేను తలూపి ఊరుకున్నాను.

ఆ బుధవారం నా బిడ్డ నాకు బొట్టు పెట్టి, అలవాటు కొద్దీ భరిణె మూసి కొంగు సర్దుకుంది. మనవరాలు దాని చేతిలోంచి భరిణె తీసుకుంది. "చిన్నమ్మమ్మకు పెట్టలే గదనే అమ్మా."

"వద్దే, మళ్ల పరేషాన్ అయితది," అన్నాను నేనే.

"తడి వేలు తగిల్తె కొందరికి వాత పెట్టినట్టు ఉంటదమ్మమ్మా. పొగరు గాదు, పిచ్చి గాదు. ఎట్ల పెట్టాలె అని ఒక్కపారన్న అడిగిండ్రా?"

యాభై నాలుగేళ్లలో అడిగిన సందర్భాలు వెతికి చూసుకున్నాను. ఒక్కటీ లేదు.

మనవరాలు మూత తీసిన భరిణెను చెల్లెలికి చేతి దూరంలో రాయి మీద పెట్టి, పెళ్లి రోజు, చోటు చెప్పి, ఇక మాట్లాడకుండా కూర్చుంది. నేను గోడ గడియారం చూస్తూ ఉన్నాను. నాలుగు నిమిషాలకు చెల్లెలు పొడి వేలితో చిటికెడు కుంకుమ తీసుకొని, ఎడమ కనుబొమకు కాస్త పైన తనే పెట్టుకుంది. తుడవలేదు. నా వైపు కాకుండా భరిణె వైపే చూస్తూ, "పెండ్లికి పోదాం," అంది.

తొమ్మిదో రోజున ఇద్దరమూ రైల్లో వికారాబాద్ వెళ్లాం. చెల్లెలు ఉన్నంతసేపూ బ్యాండు వద్దని మనవరాలు చెబితే పెళ్లికొడుకు మేనమామ, "ఇది పెండ్లా, పరీక్ష హాలా?" అని గొణిగాడు. "జర ఓపిక పట్టు బాబాయ్, మా చిన్నమ్మమ్మ పోయినంక నీ చెవులు పగిలేదాంక కొట్టిపిస్త," అని పీటల మీది నుంచే అంది పెళ్లికూతురు. చెల్లెలు గుమ్మం పక్కన కుర్చీలో ఇరవై ఐదు నిమిషాలు కూర్చుంది, నలుగురితో పాటు అక్షింతలు వేసింది, ఇక చాలని లేచింది. ఎవరి పెళ్లికీ ఏ అశుభమూ జరగలేదు.

ఇప్పుడు పిలుపులు చాలావరకు ఫోనులోనే అయిపోతున్నాయి, బొట్టు కోసం గడప దాకా వచ్చేవాళ్లు తగ్గిపోయారు. దానికి నేను దిగులు పడను. పెట్టే ముందు అడగడం నేర్చిన పిల్ల ఒకతి మా ఇంట్లో పుట్టింది, అది చాలు. కానీ లెక్క లెక్కే. ఆ శుక్రవారం నుంచి ఈనాటి దాకా మా ఇంట్లోనూ దగ్గరి చుట్టాల ఇళ్లలోనూ జరిగిన పెళ్లిళ్లు ముప్పై ఒకటి. మా చెల్లెలు వెళ్లినది ఒకటి. వెళ్లనివి ముప్పై. ఆ ముప్పైలో ఒకటి నాది.